రోజుకి గంటే దొరికేవాళ్ళు టార్కోవ్ ఎలా ఆడాలి

బీ షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకి ఇల్లు చేరే ఒడిశా రాయగడ దగ్గరి జేకేపూర్ పేపరు మిల్లు కుర్రాళ్ళు, గుణుపురంలో కొట్టు కట్టేసి తొమ్మిదింటికి కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళు, పర్లాకిమిడిలో సాయంత్రం ట్యూషన్లు చెప్పుకునే మాస్టార్లు, అందరి ప్రశ్నా ఒకటే. "అన్నా, రోజుకి గంటకి మించి కుదరదు. ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్ మనకి గిట్టుబాటవుతుందా?"

అవుతుంది. లెవెళ్ళు లెక్కపెట్టుకుంటే మాత్రం గిట్టదు. (తెలియనివాళ్ళకి: ఇది నెట్ మీద ఆడే తుపాకుల ఆట. ఒక మ్యాపులో దిగి, దొరికిన సామాను ఏరుకుని, గడువులోగా ప్రాణాలతో బయటపడాలి. అలా ఒకసారి దిగి రావడాన్ని రైడ్ అంటారు.) రోజుకి ఆరేడు గంటలు ఆడేవాడి పక్కన మీ లెవెల్ ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది, దానికి బాధపడి లాభం లేదు. గంట ఆడేవాడికి దక్కేది వేరు. మ్యాపు తెలియడం, ఏ తూటా ఏ కవచాన్ని చీలుస్తుందో తెలియడం, ఎక్కడ నక్కాలో ఎక్కడ పరుగెత్తాలో తెలియడం. బీటా రోజుల్లో ఆర్నెల్లకోసారి, కాస్త అటూ ఇటూగా, అందరి సామానూ లెవెళ్ళూ సున్నాకి తెచ్చేసేవారు. బుర్రలో ఉన్నది మాత్రం ఎవరూ తుడవలేకపోయారు. పైగా ఈ ఆటలో కొన్ని పనులు మన గోడ గడియారం ప్రకారం నడుస్తాయి, మీరు డ్యూటీలో ఉన్నా నడుస్తూనే ఉంటాయి. ఈ రెండింటినీ పట్టుకున్నవాడికి గంట చాలు. ఎలా పట్టుకోవాలో వరసగా చెప్తాను.

ముందు మీ గంట ఎలాంటిదో చూసుకోండి

కొనకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. రైడ్ మొదలయ్యాక మధ్యలో ఆపడానికి లేదు, సేవ్ చేసుకోవడానికీ లేదు. కస్టమ్స్ మ్యాపుకి 40 నిమిషాలు, షోర్‌లైన్‌కి 45, స్ట్రీట్స్‌కి 50, పగటి ఫ్యాక్టరీకి 20. ఆ గడువులోగా బయటపడే చోటికి చేరకపోతే మీరు బతికే ఉన్నా సరే, భద్రపెట్టెలో దాచినవి తప్ప ఒంటిమీద ఉన్నవీ సంచిలో ఉన్నవీ పోతాయి. దీనికి సామాను సర్దుకునే సమయం, సర్వర్ దొరికేదాకా ఆగే సమయం కలుపుకోండి. 40 నిమిషాల రైడ్ అంటే మీ దగ్గర గంట ఉండాలి.

కాబట్టి తెగని గంట కావాలి. ఇంట్లో చంటిబిడ్డ ఉండి ఏ క్షణంలోనైనా లేవాల్సినవాళ్ళకి, కొట్లో కూర్చుని గిరాకీ మధ్యలో ఆడదామనుకునేవాళ్ళకి టార్కోవ్ నేను చెప్పను. వాళ్ళకి స్టాకర్ 2 బాగుంటుంది. ఉక్రెయిన్ వాళ్ళ జీఎస్‌సీ గేమ్ వరల్డ్ 2024 నవంబరు 20న విడుదల చేసింది. అందులోనూ ఆకలి, రేడియేషన్, తూటాల కరువు, పొదల్లోంచి మీదపడే ప్రమాదం అన్నీ ఉన్నాయి, కానీ ఒక్కరే ఆడే ఆట కాబట్టి సేవ్ చేసి లేచి వెళ్ళొచ్చు. ఈ రెండింటికీ మధ్యలో క్రైటెక్ వాళ్ళ హంట్ షోడౌన్ ఉంది. అక్కడ ఒక ఆట గంటకి మించదు, పని పడితే దగ్గరలో ఉన్న దారి చూసుకుని ముందే బయటపడొచ్చు.

టార్కోవే కావాలనుకుంటే ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి. "తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా నేను పలకను" అని ఒక్క మాట. భోజనం ముందే కానివ్వండి. నా అభిప్రాయంలో రోజూ అరగంట ఆడటం కన్నా వారానికి మూడు రాత్రులు గంటంబావు ఆడటం ఎంతో మేలు. అరగంటలో స్థిమితంగా ఒక రైడ్ పూర్తవదు. పూర్తికాని రైడ్ వల్ల వచ్చేది చిరాకే.

కొనేటప్పుడు

ఇది కంప్యూటరు మీద మాత్రమే నడిచే ఆట. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని బ్యాటిల్‌స్టేట్ గేమ్స్ వాళ్ళది. 2017 నుంచి బీటాలో ఉండి, 2025 నవంబరు 15న 1.0గా బయటికొచ్చింది, అదే రోజు స్టీమ్‌లోకీ వచ్చింది. అన్నిటికన్నా తక్కువ ధర ఎడిషన్ చాలు. ఖరీదైన వాటిలో పెద్ద స్టాష్ (సామాను దాచుకునే గోదాము), పెద్ద భద్రపెట్టె ఇస్తారు. గంట ఆడేవాడికి స్టాష్ నిండేంత సామాను రావడానికే నెలలు పడుతుంది. ఆ మిగిలిన డబ్బుతో ర్యామ్ 32 జీబీకి పెంచండి. 16తో మొదలుపెట్టొచ్చు గానీ స్ట్రీట్స్ లాంటి పెద్ద మ్యాపుల్లో ముక్కుతుంది. ఎస్‌ఎస్‌డీ లేకుండా అసలు మొదలుపెట్టొద్దు. మ్యాపు తెరుచుకునేలోపే మీ గంటలో పది నిమిషాలు కరిగిపోతాయి.

కరెంటు, నెట్టు

మన వైపు ఆటకి అసలు శత్రువు ఇక్కడే ఉంది. వైశాఖంలో సాయంత్రం కాలబైశాఖి గాలివాన లేచిందంటే పది నిమిషాల్లో ఆకాశం నల్లబడిపోతుంది, చెట్టుకొమ్మ ఎక్కడో తీగమీద పడుతుంది, కరెంటు పోతుంది. వర్షాకాలంలో కొండల మీద ఉరిమినప్పుడల్లా రెప్పపాటు పోయి వస్తుంది. ఆ రెప్పపాటే కంప్యూటరు ఆరిపోవడానికి చాలు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనకాల ఒక చిన్న స్విచ్ ఉంటుంది, చాలావాటికి ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు తిప్పండి. మామూలు వైపు ఉంటే కరెంటు మారేటప్పుడు ఫ్యాన్లు ఆగవు గానీ కంప్యూటరు రీస్టార్ట్ అయిపోతుంది. యూపీఎస్ వైపు ఉంటే ఆ మార్పు త్వరగా జరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరు లాగే లోడు మీ ఇన్వర్టర్ మోయగలదో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడిగి కలపండి. ఇన్వర్టర్ లేకపోతే కంప్యూటరుకి చిన్న యూపీఎస్ ఒకటి, నెట్ పెట్టెకి విడిగా రూటర్ యూపీఎస్ ఒకటి పెట్టండి. కంప్యూటరు వెలుగుతూ రూటర్ ఆరిపోయిందంటే ఆ యూపీఎస్ పెట్టీ దండగ. ఒక్కోసారి మన ఇంట్లో అన్నీ వెలుగుతున్నా వీధి చివర కేబుల్ అతని పెట్టె ఆరిపోతుంది. అందుకే ఫోన్ హాట్‌స్పాట్ ముందే కంప్యూటరుకి కలిపి, పాస్‌వర్డ్ గుర్తుండేలా చేసి ఉంచండి. ఆట నడవడానికి డేటా పెద్దగా అవసరం లేదు. పెద్దగా తినేది అప్‌డేట్లు. వాటిని డ్యూటీకి వెళ్ళేముందు పెట్టి వెళ్ళండి.

రైడ్ మధ్యలో నెట్ పోతే కంగారు పడొద్దు. తిరిగి లాగిన్ అయితే మళ్ళీ కనెక్ట్ అయ్యే బటన్ వస్తుంది. గడియారం మాత్రం ఆగి ఉండదు, తిరిగి వచ్చేసరికి మీ మనిషిని ఎవరైనా కాల్చేసి ఉండొచ్చు కూడా. ఉరుములు మొదలైన రాత్రి మంచి తుపాకీ బయటికి తియ్యకండి, అంతే. లాంచర్‌లో సర్వర్ల జాబితా ఉంటుంది, ఒక్కోదాని పక్కన పింగ్ (సర్వర్ నుంచి జవాబు వచ్చే ఆలస్యం) కనిపిస్తుంది. ఆటోమేటిక్ తీసేసి తక్కువ పింగ్ ఉన్న రెండు మూడింటికి మాత్రమే టిక్కు పెట్టండి. సర్వర్లు ఆపే వేళలు వాళ్ళు మాస్కో సమయంలో చెప్తే రెండున్నర గంటలు కలుపుకుంటే మన టైము వస్తుంది.

మనుషులతోనా, కంప్యూటరుతోనా

టార్కోవ్‌లో పీవీఈ అని వేరే విధానం ఉంది. అక్కడ ఎదురయ్యేవాళ్ళందరినీ కంప్యూటరే నడుపుతుంది, మీరు సంపాదించింది ఎవరూ సున్నాకి తెచ్చెయ్యరు. 2024 ఏప్రిల్‌లో దీన్ని 250 డాలర్ల ఎడిషన్‌లో పెట్టి అమ్మబోతే, అప్పటికే ఖరీదైన ఎడిషన్ కొన్న పాతవాళ్ళంతా గట్టిగా తిరగబడ్డారు. ఆ తర్వాత వాళ్ళకి ఉచితంగా ఇచ్చారు, మిగతావాళ్ళు విడిగా కొనుక్కునే వీలూ కల్పించారు.

వారానికి మూడు రాత్రుల కన్నా తక్కువ దొరికేవాళ్ళు పీవీఈలోనే మొదలుపెట్టండి. ఇది చిన్నతనమేం కాదు. మ్యాపులు అవే, తూటాలు అవే, ఆట అప్పజెప్పే పనులు దాదాపు అవే. నెల్లాళ్ళు సెలవు పెట్టినట్టు ఆటకి దూరమైనా మీ సామాను మీ కోసం ఉంటుంది. రథయాత్రకి వారం రోజులు చుట్టాలతో ఇల్లు నిండిపోయినా, ఇంట్లో పెళ్ళి పడినా, వెనకబడిపోయామన్న బెంగ ఉండదు. మనిషి ఎదురుపడినప్పుడు గుండె దడ పుడుతుంది చూశారా, దానికోసమే వచ్చేవాళ్ళు మాత్రం పీవీపీకి, అంటే మనుషులతో ఆడే విధానానికి, వెళ్ళండి. ఆ దడ పీవీఈలో రాదు, ఉన్న మాట చెప్పాలి.

ఒక్క మ్యాపు పట్టండి

ఇక్కడ ఓపిక చేసుకుంటే మిగతాదంతా తేలిక. పదికి పైగా మ్యాపులున్నాయి కదా అని రోజుకొకటి తిరిగితే ఏడాదైనా ఏదీ తెలియదు. కొత్తవాళ్ళ కోసమే గ్రౌండ్ జీరో పెట్టారు, అది పూర్తయ్యాక కస్టమ్స్ తీసుకోండి. మొదట్లో వచ్చే పనులు చాలా మటుకు అక్కడే ఉంటాయి.

మొదటి రాత్రులు ప్రాక్టీసు మోడ్‌లో గడపండి. అందులో వచ్చేదీ పోయేదీ ఉండదు, శత్రువులు లేకుండా కూడా పెట్టుకోవచ్చు. దిగగానే కీబోర్డు మీద O అక్షరాన్ని రెండుసార్లు నొక్కండి. మిగిలిన సమయం, మీకున్న దారులు పైన కనిపిస్తాయి. కస్టమ్స్‌లో ఒక కొసన దిగితే బయటపడే దారి సాధారణంగా రెండో కొసన ఉంటుంది, మధ్యలో నది. అంటే ప్రతిసారీ మ్యాపంతా దాటాలి. పెట్రోలు బంకు, రెండంతస్తుల డార్మ్ (హాస్టల్ భవనం), మూడంతస్తుల డార్మ్, వంతెన, ఈ నాలుగూ గుర్తుంటే ఎక్కడున్నా దిక్కు తెలుస్తుంది. ఫోన్లో మ్యాపు బొమ్మ తెరిచి పక్కన పెట్టుకుని నడవండి. తర్వాత బొమ్మ మూసేసి నడవండి. బొమ్మ లేకుండా రెండు కొసల నుంచీ బయటికి రాగలిగిన రోజున అసలు ఆట మొదలుపెట్టండి.

నడిచేటప్పుడు చెవి పెట్టండి. గడ్డి మీద అడుగు ఒకలా, రేకు మీద ఒకలా, పగిలిన గాజు మీద ఒకలా వినిపిస్తుంది. డార్మ్ మెట్ల కింద కదలకుండా నిలబడితే పై అంతస్తులో ఎవరో తలుపు తెరిచిన చప్పుడు, రెండడుగులు వేసి ఆగిన చప్పుడు, మ్యాగజైన్ తీసి పెట్టిన చప్పుడు విడివిడిగా తెలుస్తాయి. ఆ మనిషి తుపాకీ నింపుకుంటున్నాడు, మెట్లెక్కే సమయం అదే. ఇది తెలిసినవాడు పాత తుపాకీతోనైనా గెలుస్తాడు. వేసవిలో నెత్తిమీద ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే ఇవేవీ వినపడవు, కాబట్టి చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ కొనుక్కోండి. గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు దానికి ఖర్చు పెట్టమంటాను.

మ్యాపుతో పాటు తూటాల సంగతి నేర్చుకోండి. ఇది కంప్యూటరు దగ్గర కూర్చుని చెయ్యాల్సిన పని కాదు, టిఫిన్ బ్రేకులో ఫోన్లో చదువుకోవచ్చు. మీ మనిషికి ఏడు శరీర భాగాలు, మొత్తం 440 ప్రాణం. ఛాతీకి 85, తలకి 35. ఈ రెండింటిలో ఏ ఒక్కటి సున్నా అయినా పోయినట్టే. కవచాలకి 1 నుంచి 6 దాకా తరగతులున్నాయి. అదే ఏకే-74, అదే 5.45 తూటా, కానీ పీఎస్ రకం మందమైన కవచం దగ్గర తేలిపోతుంది, బీఎస్ రకం చీల్చుకుపోతుంది. అందుకే తుపాకీ అలంకారాలకి పెట్టే డబ్బు తూటాలకి పెట్టండి.

ఆ గంట ఎలా గడపాలి

బుధవారం చాటికోన సంతకి వెళ్ళేవాళ్ళు ఏం అమ్మాలో ఏం కొనాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్తారు, ఆఖరి బండి టైము చూసుకుని తిరుగుతారు. రైడ్‌కీ అలాగే వెళ్ళాలి.

కూర్చోకముందే పని ఒక్కటే అనుకోండి. "ఇవాళ డార్మ్‌లో ఆ వస్తువు తేవాలి", "ఇవాళ ముగ్గురు స్కావ్‌లని (కంప్యూటరు నడిపే శత్రువుల్ని) కొట్టాలి". రెండు పనులు పెట్టుకుంటే రెండూ అయ్యేదాకా లోపలే తిరుగుతారు, ఈలోగా గడియారం తరిమేస్తుంది. అనుకున్నది అయిందా, దారి పట్టండి. ఎదురుగా ఎంత మంచి గది కనిపించినా సరే. మీరు బయటికి తెచ్చిన చిన్న సంచి, లోపల వదిలేసిన పెద్ద సంచి కన్నా విలువైనది.

గేర్ ముందే కట్టి పెట్టుకోండి. ఒక రైడ్ అయిపోగానే, పడుకోవడానికి లేచేముందు, రేపటి తుపాకీ, తూటాలు, కట్టు, ఎముక విరిగితే కట్టే బద్ద, నొప్పి మాత్ర అన్నీ ఒక సెట్టుగా స్టాష్‌లో ఒక మూల ఉంచండి. మర్నాడు కూర్చోగానే నేరుగా రైడ్‌కి పోవచ్చు. చాలామందికి గంటలో పావుగంట ఈ సర్దుడుకే పోతుంది, అందుకే ఆట ఏమీ మిగల్చలేదనిపిస్తుంది.

మొత్తం గంట లేని రోజున స్కావ్‌గా వెళ్ళండి. స్కావ్‌గా వెళ్ళడమంటే ఆట ఇచ్చిన బట్టలు, ఆట ఇచ్చిన తుపాకీ. మీది ఏమీ పోదు. అప్పటికే నడుస్తున్న రైడ్‌లో దింపుతారు కాబట్టి త్వరగా తేలుతుంది. బతికి బయటపడితే సంచిలో ఉన్నదంతా మీదే. డ్యూటీ నుంచి ఒళ్ళు పులిసి వచ్చిన రాత్రి కూడా ఇదే మంచిది.

మీరు లేనప్పుడు నడిచేవి

రోజంతా ఆడేవాడికన్నా మీకు ఎక్కువ కలిసొచ్చే భాగం ఇది, కానీ చాలామంది పట్టించుకోరు. హైడౌట్ అని మీకొక స్థావరం ఉంటుంది. అక్కడ తూటాలు, మందులు, సామాన్లు తయారీకి పెడితే మీరు కంప్యూటరు కట్టేసినా అవి తయారవుతూనే ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో సమయం పడుతుంది. పడుకునేముందు, డ్యూటీకి వెళ్ళేముందు ఎక్కువ గంటలు పట్టేవి పెట్టండి. ఎనిమిది గంటల షిఫ్టు మీకు ఎనిమిది గంటల తయారీ. రోజంతా ఆటలో కూర్చున్నవాడికీ దాదాపు అదే వేగం. జనరేటర్ ఇంధనం చూసుకోండి. అది అయిపోతే చాలా పనులు ఆగిపోతాయి. ఏమీ పెట్టకుండా వెళ్తుంటే జనరేటర్ ఆపేసి వెళ్ళండి.

ఇన్సూరెన్స్ కూడా అంతే. మీరు చచ్చిపోయాక మీ తుపాకీని ఎవరూ ఎత్తుకుపోకపోతే అది కొన్ని గంటల తర్వాత తిరిగొస్తుంది. ఆటలోని ప్రపోర్ అనే వ్యాపారి దగ్గర చేయిస్తే చవక, ఆలస్యంగా వస్తుంది. థెరపిస్ట్ అనే వ్యాపారి దగ్గర ఖరీదు, త్వరగా వస్తుంది. రేపు రాత్రి దాకా ఎలాగూ కూర్చోరు కాబట్టి మీకు ప్రపోర్ చాలు. వచ్చిన సామాను గడువులోగా తీసుకోవాలి, లేకపోతే పోతుంది. వారం ఊరెళ్తున్నప్పుడు ఇది మర్చిపోకండి. పీవీఈలో అయితే పోయిన సామాను చాలాసార్లు తిరిగొచ్చేస్తుంది, పోటీకి మనుషులు లేరు కదా.

వదిలెయ్యాల్సినవి

కప్పా పెట్టె గురించి వింటారు. అన్నిటికన్నా పెద్ద భద్రపెట్టె అది. దానికోసం లెక్కలేనన్ని పనులు పూర్తి చేసి, కలెక్టర్ అనే చివరి పని కూడా చెయ్యాలి. దాని వెంట పడితే ఆట మీకు రెండో డ్యూటీ అయిపోతుంది. ఆటగాళ్ళు ఒకరికొకరు సామాను అమ్ముకునే ఫ్లీ మార్కెట్‌లో ధరలు చూస్తూ కొని అమ్మే వ్యాపారమూ అంతే, గంటలు దానికే పోతాయి. ల్యాబ్స్ మ్యాపు, బాసులు అనే గట్టి శత్రువుల వేట, ఇవన్నీ తర్వాత ఎప్పుడో.

రాత్రి మూడో రైడ్ కూడా వదిలెయ్యాల్సిందే. వరసగా రెండుసార్లు చచ్చాక మూడోసారి వెళ్ళేది ఆటకోసం కాదు, కోపంతో. కోపంతో వెళ్ళినవాడు అడుగుల చప్పుడు వినడు. హైడౌట్‌లో పని పెట్టి, రేపటి సెట్టు కట్టి, కంప్యూటరు కట్టెయ్యండి. పొద్దున్న ఆరింటి షిఫ్టు ఉంటే రాత్రి తొమ్మిదిన్నర దాటాక కొత్త రైడ్ మొదలుపెట్టకండి. సీ షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొచ్చాక అసలు ముట్టుకోకండి, ముందు నిద్ర.

తోడు దొరికితే

ఒంటరిగా నెలరోజులు ఆడాక తోడు వెతుక్కోండి. పార్వతీపురంలో బావమరిదో, బరంపురంలో హాస్టల్లో ఉన్న తమ్ముడో, ఎవరో ఒకరు ఇదే ఆట ఆడుతూ ఉంటారు. వారంలో ఒక రాత్రి ఖాయం చేసుకోండి, శనివారం అయితే చాలామందికి కుదురుతుంది. ముగ్గురికి మించొద్దు, గుంపు పెరిగితే పొదల్లో మనవాడినే మనం కాల్చుకుంటాం. లోపల మాట్లాడేటప్పుడు "అక్కడున్నాడు, అక్కడున్నాడు" అంటే ఎవరికీ అర్థం కాదు. ఆటలో దిక్సూచి ఉంటుంది, డిగ్రీలు చెప్పండి, లేదా "బంకు వెనక", "వంతెన కింద" అని చోటు చెప్పండి. ఎవరు చచ్చినా వాళ్ళ తుపాకీ ఎత్తి దూరంగా పొదలో పారెయ్యండి. ఎవరి కంటా పడకపోతే ఇన్సూరెన్స్‌లో తిరిగొస్తుంది. ఆ వారం మీరు చచ్చినప్పుడు వాళ్ళూ మీ తుపాకీకి ఇదే పని చేస్తారు.